ఒడ్డెక్కాలంటే ఆకాశం కావాలి

1942లో జపాను వాళ్లు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశారని తెలుగువాళ్లలో చాలామంది విన్నారు. ఆ సంగతి తెలిసినవాళ్లెవరైనా నెల్లూరు తీరాన మైపాడు ఇసుకలో నిలబడి అటూ ఇటూ చూస్తే ఒక ప్రశ్న దానంతటదే పుడుతుంది. ఉత్తరాన రామాయపట్నం నుంచి దక్షిణాన పులికాట్ దాకా కొండ లేదు, కోట లేదు, అంతా చదునైన ఇసుక. అంత దూరం వచ్చి బాంబులు వేయగలిగినవాడు ఇక్కడ సైన్యాన్ని ఎందుకు దించలేదు?

ఇది అమాయకపు ప్రశ్నేం కాదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్‌ను వేధించిన ప్రశ్న కూడా దాదాపు ఇదే. ఫిబ్రవరి 15న సింగపూరు పడింది. మార్చి 8న రంగూన్ పోయింది. మార్చి 23న అండమాన్ దీవులు జపాను చేతికి చిక్కాయి. ఏప్రిల్ 5న కొలంబో మీద, 9న ట్రింకోమలీ మీద జపాను సేనాని నగుమో నడిపిన నౌకాదళపు విమానాలు విరుచుకుపడ్డాయి. మధ్యలో 6వ తేదీన, మరో జపాను సేనాని ఒజావా దళానికి చెందిన ర్యూజో అనే నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ, కాకినాడ రేవుల మీద బాంబులు వేశాయి. ఆ కొద్ది రోజుల్లోనే బంగాళాఖాతంలో 20కి పైగా వర్తక నౌకలు మునిగాయి. జపాను దండు దక్షిణాదికి వస్తోందన్న తప్పుడు కబురు అంది మద్రాసు ఖాళీ అయింది. ప్రభుత్వ కచేరీలు లోపలి ఊళ్లకు తరలాయి. బాంబులకు బోనులు పగిలితే ఊరి మీద పడతాయన్న భయంతో జంతుప్రదర్శనశాలలోని సింహాలను, పులులను కాల్చి చంపారు.

దండు రాలేదు. అసలు బయలుదేరనే లేదు. సిలోన్‌ను ఆక్రమిద్దామని జపాను నౌకాదళం అడిగితే, అందుకు మనుషుల్ని ఇవ్వలేమని పదాతిదళం అప్పటికే చెప్పేసింది. రాజకీయంగా సమాధానం అంతే. కానీ మనుషుల్ని ఇచ్చి ఉంటే? అప్పుడు అడ్డుపడేవి వేరే ఉన్నాయి: భూమి గుండ్రదనం, పెట్రోలు, అలలు. బాంబు వేసి వెళ్లిపోవడం ఒక పని, ఒడ్డున దిగి నిలవడం మరో పని. ఈ రెండింటికీ మధ్య ఎంత దూరముందో తెలిస్తే 1942 నాటి నెల్లూరు తీరమూ అర్థమవుతుంది, 1944లో మిత్రపక్షాల సైన్యం దిగిన నార్మండీ తీరమూ అర్థమవుతుంది.

రేవులో నిలబడి పైకి చూసినవాళ్లు

విమానదాడి ఏం చేయగలదో తెలుగువాళ్లకు తొలిసారి తెలిసింది తెలుగుగడ్డ మీద కాదు, రంగూన్‌లో. ఆ రేవులో మూటలు మోసినవాళ్లు, ఓడల్లోకి బియ్యం ఎక్కించినవాళ్లు ఎక్కువమంది మన కోస్తా జిల్లాల కూలీలే. 1941 డిసెంబరు 23 ఉదయం జపాను బాంబర్లు వచ్చినప్పుడు నగరంలో జనం దాక్కోలేదు. వీధుల్లోకి వచ్చి, తల పైకెత్తి, ఆకాశంలో విమానాలు కొట్లాడుకోవడం చూస్తూ నిలబడ్డారు. అంతకుముందు అలాంటిది చూసినవాళ్లు కాదు. కింద పడిన బాంబులు నేలలోకి దిగబడి పేలేవి కావు. పడీపడగానే పగిలి ఇనప ముక్కల్ని నడుమెత్తున చుట్టూ చిమ్మేవి. పడుకున్నవాడు బతకవచ్చు, నిలబడినవాడు బతకడం కష్టం. ఆ ఒక్కరోజే వెయ్యిమందికి పైగా చనిపోయారు. రెండురోజులకు, క్రిస్మస్ నాడు, విమానాలు మళ్లీ వచ్చాయి.

తర్వాత జరిగినదాన్ని యుద్ధచరిత్రలు ఒకటి రెండు వాక్యాల్లో దాటేస్తాయి. అది న్యాయం కాదు. బాంబులకు రేవు గోడలు పెద్దగా కూలలేదు గానీ కూలీలు ఊరు వదిలారు. మోసేవాళ్లు లేక ఓడల్లో సరుకు ఓడల్లోనే ఉండిపోయింది. అంటే ఒక మహానౌకాశ్రయం మనుషులు వెళ్లిపోవడం వల్ల మూలపడింది. ఓడ దొరికినవాళ్లు మద్రాసుకో విశాఖకో చేరారు. దొరకనివాళ్లు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ దారిన నడిచారు. అలా బర్మా వదిలిన భారతీయులు నాలుగు లక్షలకు పైమాటే. కలరాతో, ఆకలితో దారిలో రాలిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఏప్రిల్ 6న విశాఖ మీద బాంబులు పడినప్పుడు జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తారంటే, అది ఉత్తి పిరికితనం కాదు. రంగూన్ నుంచి వచ్చినవాళ్ల మాట అప్పటికే కోస్తా అంతా పాకి ఉంది.

దాడి చేయగలిగింది అది: చంపడం, భయపెట్టడం, పని ఆపించడం. కానీ బాంబు వేసిన విమానం ఆ నేలను పట్టుకుని ఉండలేదు. రంగూన్ కూడా బాంబులకు లొంగలేదు. రెండున్నర నెలల తర్వాత, నేల మీద నడిచి వచ్చిన సైన్యం చేతికి చిక్కింది.

తాటిచెట్టు మీంచి ఎంత దూరం కనబడుతుంది?

సముద్రం మీంచి వచ్చేవాణ్ని ఎదుర్కోవాలంటే ముందు వాణ్ని చూడాలి. చూపుకు హద్దు గీసేది కంటి సత్తువ కాదు, భూమి ఆకారం. దూరాన వస్తున్న తెరచాప పడవలో ముందు తెరచాప కొస, తర్వాత దాని కింది భాగం, చివరికి పడవ కనబడతాయని చేపలు పట్టే పట్టపువాళ్ల పిల్లలకు కూడా తెలుసు. మధ్యలో నీరు ఉబ్బి అడ్డం నిలుస్తుంది.

మైపాడు ఇసుకలో నిలబడ్డ మనిషికి సముద్రపు అంచు దాదాపు ఐదు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అంతే! ఎదురుగా కనబడే అపారజలరాశి నిజానికి ఒక ఊరి నుంచి పక్క ఊరికి ఉన్నంత. అదే మనిషి 20 మీటర్ల తాటిచెట్టెక్కితే అంచు 16 కిలోమీటర్లకు జరుగుతుంది. ఎత్తు నాలుగింతలు పెరిగితే చూపు రెండింతలే పెరుగుతుంది కాబట్టి, స్తంభాలూ దీపస్తంభాలూ కట్టుకుంటూ పోయి లాభం లేదు. విమానంలో మూడు వేల మీటర్లు లేస్తే మాత్రం ఒక్కసారిగా 195 కిలోమీటర్లు కళ్ల ముందు పరుచుకుంటాయి.

దీన్ని గంటల్లోకి మార్చి చూస్తే విలువ తెలుస్తుంది. గంటకు 37 కిలోమీటర్ల వేగంతో వచ్చే యుద్ధనౌకను తాటిచెట్టు మీదివాడు పూర్తిగా చూసేసరికి మిగిలే వ్యవధి అరగంట కూడా ఉండదు. విమానంలోనివాడు చూస్తే ఐదు గంటలు మిగులుతాయి. ఐదు గంటల్లో పిల్లల్ని తీసుకుని ఊరు దాటవచ్చు, ఓడల్ని రేవు బయటికి పంపవచ్చు, ఫిరంగుల దగ్గరికి మనుషుల్ని చేర్చవచ్చు.

ఆ ఏప్రిల్‌లో ఈ చూపు ఎంత పలచగా ఉండిందో తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. భారత వైమానిక దళం మద్రాసులో, విశాఖలో తీరరక్షణకని పెట్టిన చిన్న దళాల్లో వాపిటీ విమానాలు ఉండేవి. రెండంతస్తుల రెక్కలు, గంటకు 220 కిలోమీటర్లు దాటని వేగం, 1920ల నాటి నమూనా. వాటికి ఎదురుపడగల జపాను జీరో ఫైటరు గంటకు 530 కిలోమీటర్లు పోతుంది. ఆ వాపిటీలను సముద్రం మీదికి నడిపిన కుర్రవాళ్ల ధైర్యాన్ని తక్కువ చేయకూడదు.

సిలోన్‌ను కాపాడింది అలాంటి ఒక చూపే. ఏప్రిల్ 4న కెనడాకు చెందిన లెనార్డ్ బర్చల్ కాటలీనా అనే నీటివిమానంలో సిలోన్‌లోని కొగ్గల నుంచి బయలుదేరి ఆ దీవికి ఆగ్నేయంగా గాలిస్తున్నాడు. సాయంత్రమైంది, తిరుగుముఖం పట్టే వేళ. దక్షిణాన అంచు మీద ఒక చుక్క కనబడింది. దగ్గరికెళ్లి చూస్తే అది ఒక ఓడ కాదు, నగుమో నౌకాదళం. ఓడల లెక్క, దిశ, వేగం వైర్‌లెస్‌లో పంపుతుండగానే జీరోలు చుట్టుముట్టి విమానాన్ని కూల్చాయి. విమానంలోని తొమ్మిది మందిలో ఆరుగురు బతికి బందీలయ్యారు, దెబ్బలు తిన్నారు. బర్చల్ యుద్ధం ముగిసేదాకా జపాను చెరలోనే ఉన్నాడు. ఆయన పంపిన కబురు వల్లే కొలంబో రేవులోని ఓడలు చాలావరకు ముందే బయటపడ్డాయి. తర్వాతి నెలల్లో మద్రాసు పక్కన రెడ్‌హిల్స్ చెరువునే కాటలీనాలకు స్థావరం చేశారు. గంటల తరబడి బంగాళాఖాతం మీద తిరిగి రాగల ఆ విమానాలతో నెల్లూరు తీరానికి అప్పటికి గానీ కళ్లు రాలేదు.

గూడూరు గనుల నుంచి వైర్‌లెస్ గొట్టంలోకి

బర్చల్ కబురు గాల్లో ప్రయాణించిన తీరులో నెల్లూరు జిల్లాకు ఒక బంధముంది. ఆనాటి వైర్‌లెస్ సెట్టుకు ప్రాణం గాజు గొట్టంలాంటి వాల్వు. దాని లోపల సన్నని తీగలు, లోహపు రేకులు ఒకదానికొకటి తగలకుండా వెంట్రుకవాసి ఎడంలో నిలబడాలి. వేడికి కరగనిది, కరెంటు పారనివ్వనిది, సూది మొనంత రంధ్రాలు కచ్చితంగా పొడవగలిగినది ఏదో వాటిని పట్టి ఉంచాలి. అది అభ్రకం. విద్యుత్తును క్షణకాలం దాచిపెట్టే కండెన్సర్లలోనూ అదే, చాలా విమాన ఇంజన్ల స్పార్కు ప్లగ్గుల్లోనూ అదే.

గూడూరు, సైదాపురం, రాపూరు ప్రాంతాల్లో తవ్వితీసే అభ్రకానికి లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. చేతిలో పట్టుకుంటే మందపాటి అట్టలా కనబడే దిమ్మను కత్తి మొనతో అంచున కాస్త కదిలిస్తే రేకు లేస్తుంది. ఆ రేకు నుంచి మరో రేకు, దాన్నుంచి ఇంకోటి. చేయి తిరిగినవాళ్లు కాగితం కంటే పలచగా, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా విడదీస్తారు. అభ్రకంలో సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ పరమాణువులు పొరలుగా గట్టిగా అల్లుకుని ఉంటాయి. పొరకూ పొరకూ మధ్య మాత్రం పొటాషియం పరమాణువుల పట్టు ఉంటుంది, అది బలహీనమైనది. అందుకే పొర చిరగదు, పొరలు విడిపోతాయి. ఈ పని యంత్రం చేయలేకపోయింది. మనిషి వేళ్లే చేశాయి, వాటిలో ఆడవాళ్ల వేళ్లు ఎన్నో.

ప్రపంచానికి రేకు అభ్రకం ఎక్కువగా వెళ్లింది భారతదేశం నుంచే. ఇక్కడ బీహారు, నెల్లూరు గనులు పేరుమోసినవి. దొరికినదంతా కొనేందుకు 1942లో బ్రిటన్, అమెరికా ఉమ్మడిగా మైకా మిషన్ ఒకటి పెట్టాయంటే గిరాకీ ఎంతో ఊహించవచ్చు. వాయుసేనల కథల్లో పైలట్ల పేర్లుంటాయి. అభ్రకం చీల్చినవాళ్లకు కూడా అందులో చోటుండాలి.

మంచె కాపలా

చూడడం ఒక ఎత్తు, ఆకాశాన్ని పట్టి ఉంచడం మరో ఎత్తు. 1941 డిసెంబరు 10న మలయా తీరంలో బ్రిటన్ గొప్ప యుద్ధనౌకలు ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ రెండు గంటల్లో మునిగిపోయాయి. 840 మంది పోయారు. ముంచింది ఓడలు కావు, సైగాన్ వైపు నుంచి వచ్చిన బాంబర్లు. సింగపూరు నుంచి ఫైటర్లు వచ్చాయి గానీ అప్పటికే ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మునుగుతోంది. విమానాలు లేక కాదు, సమయానికి తలపైన లేక.

మెట్ట పొలంలో జొన్న కంకి పాలుపోసుకునే రోజుల్లో మంచె కాపలా ఎలా సాగుతుందో తలచుకుంటే ఈ చిక్కు తేలిగ్గా అర్థమవుతుంది. చేను ఇంటికి మూడు గంటల నడక దూరంలో ఉందనుకుందాం. మోసుకెళ్లిన సద్ది ఏడు గంటలకే సరిపోతుంది. పోను మూడు, రాను మూడు. మంచె మీద వడిసెల తిప్పేది ఒక్క గంట. పగలు పన్నెండు గంటలూ మంచె ఖాళీ కాకుండా ఉండాలంటే పన్నెండు మంది కావాలి, అదీ ఒక్క మనిషిని నిలబెట్టడానికి! చేను ఇంటి పక్కనే ఉంటే ఇద్దరు చాలు. మనుషులు అదే సత్తువ గలవాళ్లు, వడిసెల అదే. మార్చిందల్లా దూరం. పిట్టలకు ఇది బాగా తెలుసు, ఖాళీ గంట చూసుకునే వాలతాయి.

విమానానికి సద్ది అంటే పెట్రోలు. ఒడ్డున దిగుతున్న సైన్యం తలపైన తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా సొంత ఫైటర్లు ఉండాలి. ఒక్క గంట ఖాళీ వదిలినా ఎదుటివాడి బాంబర్లు ఓడల మీద వాలతాయి. 1942లో జపానుకు నెల్లూరు తీరానికి దగ్గర్లో ఉన్న నేల పోర్ట్‌బ్లెయిర్. మధ్య దూరం సుమారు 1,400 కిలోమీటర్లు. జీరో దూరప్రయాణాలకు పేరుపడ్డ విమానమే అయినా, అంతదూరం వచ్చి పోట్లాడి తిరిగిపోవడం దానికి సాధ్యం కాదు. వెయ్యి కిలోమీటర్లకే ఏమైందో ఆ ఆగస్టులో పసిఫిక్‌లోని గ్వాదల్‌కనాల్ దీవి దగ్గర తేలింది. రబౌల్ స్థావరం నుంచి వచ్చిన జీరోలకు అక్కడ నిలిచేందుకు దొరికింది కొద్ది నిమిషాలే. ఆగస్టు 7న సబురో సకాయ్ అనే పైలట్‌కు తలలో గుళ్లు దిగాయి, కుడికన్ను చూపు పోయింది. రక్తం కారుతూ, స్పృహ తప్పుతూ, నాలుగు గంటలకు పైగా నడిపి రబౌల్‌లో దిగాడు. అతను బతకడం అద్భుతమే. అంత గాయం తగలకపోయినా దారిలోనే సముద్రంలో కలిసిపోయినవాళ్లు ఎందరో.

మంచెను వెంట తెచ్చుకోవచ్చు కదా? తెచ్చుకున్నారు. విమానాలు మోసే నౌక, అంటే ఎయిర్‌క్రాఫ్ట్ క్యారియర్, చేసేది అదే. కొలంబో మీదికి నగుమో ఐదు క్యారియర్ల నుంచి సుమారు 125 విమానాలు పంపాడు. కానీ అవి కొట్టి తప్పుకోవడానికి పనికొచ్చే ఓడలు. ఒకేచోట వారాల తరబడి నిలిస్తే వాటి జాడ ఎదుటివాడికి దొరికిపోతుంది, నూనె తరుగుతుంది, ఉన్న విమానాల్లో సగం వాటినే కాచుకోవాల్సి వస్తుంది. నగుమో వారం కూడా ఆగలేదు. ఆ ఐదింటిలో అకాగి, సోర్యు, హిర్యు అనే మూడు, రెండు నెలలు తిరిగేసరికి మిడ్‌వే దగ్గర మునిగిపోయాయి.

నార్మండీలో లెక్క తిరగబడింది. 1944 జూన్ 6న సైన్యం దిగిన తీరానికి దక్షిణ ఇంగ్లండు విమానాశ్రయాలు 150 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి, అంటే ఇంటి పక్కన చేను. ఆ ఒక్కరోజు మిత్రపక్షాల విమానాలు 14,000 సార్లకు పైగా లేచాయి, జర్మన్లవి మూడు వందల చిల్లర. తమవాళ్లను తామే కూల్చుకోకుండా రెక్కల మీద నలుపు తెలుపు పట్టీలు పూశారు. జర్మన్ పైలట్ జోసెఫ్ ప్రిల్లర్, తోడుగా హైన్జ్ వోదార్చిక్ రెండే విమానాల్లో వచ్చి ఒక బీచ్ మీద ఒక్కసారి గుళ్లు కురిపించి మబ్బుల్లోకి దూరారు. అలా ఇద్దరు రావడమే చెప్పుకునే కథ అయిందంటే ఆకాశం ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు. అయినా ఒమాహా బీచ్‌లో చనిపోయిన, గాయపడిన అమెరికన్లు కలిపి వేలల్లో ఉన్నారు. మబ్బు కమ్మడంతో బాంబర్లు తమవాళ్ల మీద పడతాయేమోనని క్షణాలు ఆలస్యంగా బాంబులు వదిలాయి. అవన్నీ జర్మన్ గుంతలను దాటి వెనక పొలాల్లో పడ్డాయి.

అల విరిగేచోట

ఆకాశం చేతిలో ఉన్నా ఆఖరి రెండు వందల మీటర్లు సముద్రానివే. అల లోతునీటిలో వేగంగా పోతుంది. అడుగు దగ్గరయ్యేకొద్దీ నెమ్మదిస్తుంది, వెనకది ముందుదాన్ని తరుముకొస్తుంది, ఎత్తు లేచి విరుగుతుంది. మీటరు ఎత్తు అల విరిగినచోట లోతు రమారమి మీటరుంబావు అనుకోవచ్చు. మన తీరంలో చాలాచోట్ల అలలు రెండు వరసల్లో విరుగుతాయి. మొదటి వరస కింద ఇసుక తిన్నె, తిన్నెకూ ఒడ్డుకూ నడుమ లోతైన కాలువ. తిన్నె మీద పడవ ఆగగానే ఒడ్డొచ్చిందని దూకిన సిపాయి, నెత్తిన మూట, తుపాకీతో ఆ కాలువలో మునుగుతాడు.

కోరమాండల్ తీరంలో పడవలు కట్టినవాళ్లు దీనికి ఏనాడో ఉపాయం పట్టారు. మసూలా పడవలో మేకు ఉండదు. పలకలకు అంచుల్లో బెజ్జాలు వేసి, నడుమ పీచు కూరి, కొబ్బరితాటితో కుడతారు. అల ఎత్తి ఇసుకకేసి కొడితే మేకుల పడవ పగులుతుంది, ఇది వంగి సర్దుకుంటుంది. మద్రాసులో రేవు కట్టకముందు దొరలు ఒడ్డెక్కింది వీటిలోనే. ఇనప అడుగు, బరువైన ఇంజను ఉన్న దించుడు పడవకు, అంటే ల్యాండింగ్ క్రాఫ్ట్‌కు, ఆ వంగే గుణం లేదు. పైగా నెల్లూరు దగ్గర ఆటుపోట్ల తేడా మీటరుకు అటూఇటూ మాత్రమే. నార్మండీలో ఆరు మీటర్లు. అక్కడ కూరుకుపోయిన పడవను పోటు లేపుతుంది. ఇక్కడ అది లేపేది తక్కువ.

శత్రువు చేతిలో ఉన్న తీరం లోతును వెళ్లి కొలవలేరు కాబట్టి యుద్ధకాలంలో విమానాలతో కొలిచారు. కొన్ని క్షణాల తేడాతో ఒకే తీరానికి రెండు ఫొటోలు తీస్తారు. అదే అల ఆ క్షణాల్లో ఎంత జరిగిందో కొలిస్తే వేగం తెలుస్తుంది. వేగం తెలిస్తే ఆచోట లోతు తెలుస్తుంది. నీటిలో కాలు పెట్టకుండా నీటి అడుగు చదివే ఈ ఉపాయం యుద్ధం కన్న మంచి విజ్ఞానంలో ఒకటి. నార్మండీ పోరులో కెమెరా విమానాలు నడిపినవారిలో భారత వైమానిక దళానికి చెందిన కరుణ్ కృష్ణ మజుందార్ కూడా ఉన్నారు. బర్మాలో అప్పటికే పేరు తెచ్చుకుని, కోరి యూరప్ వెళ్లారు. 1945 ఫిబ్రవరిలో లాహోర్‌లో విన్యాసాలు చేస్తుండగా విమానం కూలి చనిపోయారు.

ఫొటో అన్నీ చెప్పదు. 1943 నవంబరు 20న తరావా దీవి దగ్గర పగడపు దిబ్బ మీద నీరు అనుకున్నంత లేవలేదు. పడవలు దిబ్బకు తగిలి ఆగాయి. అమెరికన్ సైనికులు వందల మీటర్లు నడుములోతు నీళ్లలో మరతుపాకులకు ఎదురు నడిచారు. మూడు రోజుల పోరులో వెయ్యిమంది దాకా చనిపోయారు.

నెల్లూరులో దిగినవాడికి ఇసుకతో పని తీరేది కాదు. దిబ్బలు దాటగానే బకింగ్‌హామ్ కాలువ అడ్డం, దాని చుట్టూ ఉప్పుకయ్యలు, పర్రభూములు. నెల్లూరు ఊరు, రైలుకట్ట, మద్రాసు రోడ్డు అన్నీ వాటికి అవతల, సముద్రానికి ఇరవై కిలోమీటర్ల లోపల. బరువైన బండి ఏదీ వంతెన లేకుండా అటు చేరదు.

బురద ఏం చేయగలదో చివరికి ఈ సముద్రానికి అవతలి ఒడ్డున రుజువైంది. మలయాను తిరిగి పట్టుకునేందుకు మద్రాసుతో సహా భారత రేవుల నుంచి పెద్ద దండు కదిలింది. దాని పేరు ఆపరేషన్ జిప్పర్. 1945 సెప్టెంబరు 9న మోరిబ్ తీరంలో దిగింది. ఫొటోల్లో గట్టి ఇసుకలా కనబడింది పైపొర మాత్రమే, దాని కింద మెత్తని బురద. లారీలు, బండ్లు ఒకదాని వెనక ఒకటి కూరుకుపోయాయి. ఎన్నింటినో పోటు ముంచెత్తింది. జపాను అప్పటికే లొంగిపోయి ఉండటంతో ఆ రోజు వాటి మీద ఒక్క గుండూ పేలలేదు.